కోజుమెల్‌లో షిప్ ఆగిన రోజు ఏ టూర్ ఎంచుకోవాలి, ఎలా ఎంచుకోవాలి

టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి బయలుదేరే క్రూజ్‌ల్లో చాలావాటికి మెక్సికో దీవి కోజుమెల్ ఒక స్టాప్. హ్యూస్టన్, డాలస్, ఆస్టిన్ వైపు ఉండే మనవాళ్లు థాంక్స్‌గివింగ్‌కో, పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కో, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడో నాలుగైదు రోజుల క్రూజ్ బుక్ చేసుకుంటారు. బుక్ చేసిన దగ్గర్నుంచి క్రూజ్ కంపెనీ యాప్‌లో ఎక్స్‌కర్షన్ల (షిప్ ఆగిన చోట చేసే టూర్ల) జాబితా కనిపిస్తూ ఉంటుంది. కోజుమెల్ ఒక్కదానికే పదుల కొద్దీ ఉంటాయి, అన్ని ఫొటోల్లోనూ అదే నీలం నీళ్లు, అవే నవ్వు ముఖాలు. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యకి, ఈత రాని బావగారికి, ఎండలో పది నిమిషాలకే చిరాకుపడే ఐదేళ్ల పిల్లాడికి కలిపి ఏది సరిపోతుందో ఆ ఫొటోలు చెప్పవు.

అందుకే ఆ జాబితా తెరవకముందే రెండు సంగతులు కాగితం మీద రాసుకోండి. దీవి మీద మీకు నిజంగా దొరికే గంటలు ఎన్ని? మీ గుంపులో అందరికంటే తక్కువ నడవగలిగే మనిషి ఎవరు? ఈ రెండూ రాసుకుంటే సగం టూర్లు అక్కడికక్కడే కొట్టేయొచ్చు. మిగిలిన వాటిలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే ఎంచుకోండి.

1. గంటలు లెక్కపెట్టండి

షిప్ ఉదయం 8కి వచ్చి సాయంత్రం 5కి వెళ్తుందని రాసి ఉంటే మీ చేతిలో తొమ్మిది గంటలున్నట్టు అనుకోకండి. షిప్ కట్టేసి, పోర్టు వాళ్లు అనుమతి ఇచ్చి, జనం దిగడం మొదలయ్యేసరికే కొంత టైమ్ పోతుంది. తర్వాత లిఫ్టుల దగ్గర రద్దీ, పీర్ (షిప్ కట్టేసే పొడవాటి రేవు కట్ట) పొడవునా నడక, పీర్ దాటాక షాపుల మధ్య నుంచి టాక్సీల దాకా ఇంకో నడక. మొత్తం ముప్పావు గంట అనుకోండి. సాయంత్రం అందరూ ఎక్కేసి ఉండాల్సిన టైమ్ (ఆల్ అబోర్డ్ అంటారు) షిప్ కదిలే టైమ్ కంటే మామూలుగా అరగంట ముందు ఉంటుంది, కొన్ని షిప్పుల్లో గంట ముందు. దానికి ఇంకో గంట మన జాగ్రత్త కోసం తీసేయండి. మిగిలేది అటూ ఇటూగా ఆరున్నర గంటలు. టూర్ వివరాల్లో "5 గంటలు" అని రాసి ఉంటే అందులో బస్సు ప్రయాణం, మనుషుల్ని లెక్కపెట్టుకోవడం, వాళ్లు ఆపే షాపు కూడా కలిసి ఉంటాయి. అసలు చూసే చోట ఎంతసేపు ఉంటారో విడిగా చదవండి, రాసి లేకపోతే అడగండి.

ఇక గడియారం సంగతి. దీన్ని చాలామంది పట్టించుకోరు, కానీ ఈ రోజంతటికీ అసలు టెన్షన్ పెట్టేది ఇదే. కోజుమెల్ ఉన్న కింతానా రో రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే టైమ్ పాటిస్తోంది, అమెరికాలో లాగా మార్చిలో, నవంబర్‌లో గడియారం ముందుకీ వెనక్కీ మార్చరు. కాబట్టి వేసవిలో గాల్వెస్టన్ టైమ్, కోజుమెల్ టైమ్ ఒక్కటే. చలికాలంలో కోజుమెల్ ఒక గంట ముందుంటుంది. ఫ్లోరిడా నుంచి వెళ్లేవాళ్లకి దీనికి తిరగేసి: చలికాలంలో రెండూ ఒక్కటే, వేసవిలో కోజుమెల్ ఒక గంట వెనక ఉంటుంది.

షిప్ తన టైమ్ మార్చుకోవచ్చు, మార్చుకోకపోవచ్చు, అది కెప్టెన్ ఇష్టం. మీ ఫోన్ మాత్రం దీవిలో టవర్ దొరకగానే తనంతట తానే మారిపోతుంది. జులైలో మయామీ నుంచి వచ్చిన షిప్ టైమ్ మార్చలేదనుకోండి, షిప్‌లో 4:30 అయినప్పుడు మీ ఫోన్‌లో 3:30 అని ఉంటుంది, ఇంకా గంట ఉందిలే అని మీరు బజార్లో తిరుగుతుంటే అక్కడ నిచ్చెన తీసేస్తుంటారు. డిసెంబర్‌లో గాల్వెస్టన్ నుంచి వచ్చినవాళ్లకి ఇబ్బంది ఉదయం పూట వస్తుంది: బయట బుక్ చేసుకున్న టూర్ వాళ్లు పదింటికి రమ్మంటే అది దీవి టైమ్, అంటే షిప్ టైమ్ ప్రకారం తొమ్మిది. ఒక మామూలు చేతి గడియారం షిప్ టైమ్‌కి పెట్టుకుని దిగండి. టూర్ బుక్ చేసేటప్పుడు "ఇది షిప్ టైమా, లోకల్ టైమా" అని రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

2. గుంపులో ఎవరెవరున్నారో చూసుకోండి

షిప్ వాళ్ల జాబితాలో ప్రతి టూర్ పక్కనా శ్రమ ఎంతో చెప్పే గుర్తు ఉంటుంది: తేలిక, మధ్యస్థం, కష్టం అని. ఆ "మధ్యస్థం" అనేదాన్ని పెద్దవాళ్ల విషయంలో "కష్టం" అనే చదవండి. మే నెల ఎండలో, గాలిలో తేమతో, గులకరాళ్ల దారిలో ఒక కిలోమీటరు నడవడం డెబ్బై ఏళ్ల మనిషికి తేలిక పని కాదు. పడవ ఎక్కే టూర్ అయితే పడవలోకి ఎలా దిగాలి, నీళ్లలోంచి మళ్లీ పైకి ఎలా రావాలి అని అడగండి. చాలా స్నార్కెలింగ్ (మాస్క్, గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ కిందికి చూడటం) పడవలకి నిట్టనిలువు నిచ్చెన ఉంటుంది. ఇక్కడ అట్లాంటిస్ అనే నిజమైన సబ్‌మెరైన్ కూడా ఉంది, ఈత రానివాళ్లు తడవకుండా ముప్పై మీటర్ల లోతు దాకా వెళ్లి చూసి రావచ్చు, కానీ అందులోకి దిగడానికీ నిచ్చెనే. పిల్లలకి ఎత్తు నిబంధన ఉంటుంది, ముందే కొలుచుకోండి.

అందరూ ఒకే టూర్‌కి వెళ్లాలన్న పట్టుదల కూడా వద్దు. ఇద్దరు ముగ్గురు ఉదయం పడవ టూర్‌కి వెళ్లి, మిగతావాళ్లు షిప్‌లో తీరిగ్గా టిఫిన్ చేసి పదకొండింటికి దిగి, మధ్యాహ్నం ఊళ్లో కలుసుకోవచ్చు. షిప్‌లో జనం తక్కువున్న ఆ పూట పెద్దవాళ్లకి హాయిగా ఉంటుంది. అందరినీ లాక్కెళ్లి అందరూ అలసిపోయి రాత్రి భోజనానికి కూడా లేవలేకపోవడం కంటే ఇది వంద రెట్లు మేలు.

3. దీవిలోనే ఉండాలా, అవతలి ఒడ్డుకి వెళ్లాలా

అసలు నిర్ణయం ఇదే, దీని మీద కాస్త టైమ్ పెట్టండి. కోజుమెల్ మెక్సికోలోని యుకతాన్ ద్వీపకల్పానికి ఎదురుగా ఉన్న దీవి, పొడవు ఓ 48 కిలోమీటర్లు, వెడల్పు ఓ 16. ఫొటోల్లో మీరు చూసే పెద్ద పిరమిడ్, అదే చిచెన్ ఇట్జా, ఈ దీవిలో లేదు. సముద్రం అంచున కొండ మీదున్న తులుమ్ కూడా ఇక్కడ లేదు. రెండూ అవతలి ఒడ్డున ఉన్నాయి.

అక్కడికి వెళ్లాలంటే ముందు ఫెర్రీ ఎక్కి ప్లాయా దెల్ కార్మెన్ చేరాలి, దానికి 40-45 నిమిషాలు. ఎక్కడానికి, దిగడానికి, క్యూకి ఇంకో అరగంట. ప్లాయా నుంచి తులుమ్‌కి బస్సులో ఓ గంట. చిచెన్ ఇట్జాకైతే రెండు, రెండున్నర గంటలు. తిరుగు ప్రయాణం కూడా కలపండి: చిచెన్ ఇట్జాకి రానూ పోనూ దారిలోనే ఆరేడు గంటలు అయిపోతాయి. మన చేతిలో ఉన్నదే ఆరున్నర గంటలు. షిప్ రాత్రి పొద్దుపోయేదాకా ఆగే రోజైతే తప్ప ఆ మాట ఎత్తకండి. ఇంత చేసి వెళ్లినా ఆ పిరమిడ్ మెట్లు ఎక్కనివ్వరు, కింద నిలబడి చూడటమే. దాన్ని చూడాలని గట్టిగా ఉంటే అవతలి ఒడ్డునే ఉన్న కాన్‌కున్ నగరానికి విడిగా వెళ్లి అక్కడో రాత్రి ఉండి పొద్దున్నే చూడండి. అది అంత గౌరవం ఇవ్వాల్సిన చోటు.

తులుమ్ సంగతి వేరే. షిప్ కనీసం తొమ్మిది, పది గంటలు ఆగితే, మీరంతా బాగా నడవగలిగితే, ఫెర్రీ ఊగినా కడుపులో తిప్పకపోతే వెళ్లొచ్చు. చుట్టూ గోడ ఉన్న పట్నం, ఇక్కడి ప్రాచీన మాయా జాతి వాళ్లు కట్టింది, వెనక కరీబియన్ సముద్రం, నిజంగా అందమైన చోటు. కానీ బస్సు దిగిన చోటు నుంచి చాలా నడవాలి, లోపల నీడ తక్కువ, మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉంటుంది. నా మాటగా చెప్పాలంటే, అరవై దాటినవాళ్లనీ ఏడెనిమిదేళ్ల లోపు పిల్లల్నీ తీసుకుని తులుమ్‌కి వెళ్లొద్దు. వెళ్లేవాళ్లు మాత్రం షిప్ వాళ్ల టూర్‌లోనే వెళ్లండి, కారణం కింద చెప్తాను.

4. దీవిలోనే ఉండిపోతే ఏం చూడొచ్చు

మాయా వాళ్ల కట్టడాలు చూడాలన్న కోరిక ఉంటే దీవి నడుమే శాన్ హెర్వాసియో ఉంది. ఎత్తయిన పిరమిడ్లు ఉండవు, అది ముందే తెలుసుకుని వెళ్తే నిరాశ ఉండదు. అడవిలో చెట్ల నీడన రాతి వేదికలు, ఒక కమాను, పాతకాలపు తెల్లరాతి బాట, గోడ మీద ఎర్రటి చేతి ముద్రలున్న చిన్న కట్టడం, ఎక్కడ చూసినా ఎండ కాగుతూ ఇగువానాలు (పెద్ద తొండల్లాంటివి). ఇది ఇష్‌చెల్ అనే అమ్మవారి క్షేత్రం. సంతానానికీ ప్రసవానికీ వైద్యానికీ ఆవిడే దేవత. మన దగ్గర పిల్లల కోసం మొక్కుకుని గుడికి వెళ్లినట్టే మాయా స్త్రీలు అవతలి ఒడ్డు నుంచి పడవల్లో సముద్రం దాటి ఇక్కడికి యాత్రగా వచ్చేవారు. 1519లో స్పెయిన్ సేనాని కోర్తెస్ మెక్సికో మీదికి వెళ్తూ మొదట ఆగింది కూడా ఈ దీవిలోనే. ఈ కథ ముందు రోజు రాత్రి పెద్దవాళ్లకి చెప్పి తీసుకెళ్లండి, వాళ్లు ఆ రాళ్లని చూసే చూపే మారిపోతుంది. గంట, గంటన్నర చాలు. గేటు దగ్గర గైడ్ దొరుకుతారు, పెట్టుకోండి, లేకపోతే రాళ్లే కనిపిస్తాయి. దోమల మందు రాసుకోకుండా మాత్రం లోపలికి అడుగుపెట్టొద్దు.

నీళ్లంటే ఇష్టం ఉన్నవాళ్లకి ఈ దీవి అసలు సంపద పగడపు దిబ్బలు. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ తర్వాత ప్రపంచంలో రెండో పెద్ద పగడపు శ్రేణి మీసోఅమెరికన్ రీఫ్ ఇటుగానే పోతుంది, కోజుమెల్ దిబ్బల్ని 1996లో నేషనల్ పార్కుగా ప్రకటించారు. పడవ టూర్లు మామూలుగా పాలంకార్, కొలంబియా అనే రెండు దిబ్బల దగ్గర దింపి, తర్వాత ఎల్ సియెలో అనే చోటికి తీసుకెళ్తాయి. అక్కడ నడుము లోతు నీళ్లు, అడుగున తెల్లటి ఇసుక, ఇసుక మీద నక్షత్ర చేపలు. ఈత రానివాళ్లు కూడా లైఫ్ జాకెట్ వేసుకుని నిలబడగలిగే చోటు అది. నక్షత్ర చేపని ఫొటో కోసం నీళ్లలోంచి పైకి తీయకండి, ముట్టుకోకండి, గైడ్ తీసి చేతిలో పెడతానన్నా వద్దనండి. పగడాలకి జబ్బు సోకి చనిపోతుంటే 2019లో ఈ మూడు చోట్లనీ కొంతకాలం మూసేయాల్సి వచ్చింది. మామూలు సన్‌స్క్రీన్ కూడా పగడాలకి హాని చేస్తుంది, దాని బదులు చేతులు పొడుగ్గా ఉన్న ఈత చొక్కా కొనుక్కెళ్లండి, ఎండకీ అదే మంచిది.

స్నార్కెలింగ్ గురించి ఇంకో నాలుగు మాటలు. పడమటి ఒడ్డున నీటి ప్రవాహం బలంగా ఉంటుంది, మనం ఈదనక్కర్లేదు, నీళ్లే తీసుకుపోతుంటే పడవ వెనకాలే వస్తుంది. భయం ఉన్నవాళ్లకి ఇది ముందే చెప్పండి, నీళ్లలోకి దిగాక తెలిస్తే కంగారుపడతారు. లైఫ్ జాకెట్ పట్టీలు మీ వాళ్లందరివీ మీ చేత్తో లాగి చూడండి, పిల్లల సైజు జాకెట్ ఉందో లేదో బుకింగ్ అప్పుడే అడగండి. మీసాలున్నవాళ్లకి మాస్క్ పై పెదవి దగ్గర సరిగ్గా అతుక్కోక నీళ్లు కారుతుంటాయి, మీసం మీద కాస్త వాజెలిన్ రాస్తే చాలావరకు ఆగుతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు పవర్ ఉన్న మాస్క్ ముందే కొనుక్కోవడమో, కాంటాక్ట్ లెన్స్ పెట్టుకోవడమో చేయాలి, లేకపోతే అంత దూరం వెళ్లి మసక మసకగా చేపల్ని చూసి రావాలి.

మూడోది, పెద్దవాళ్లున్న ఇంటికి నేను మొదట చెప్పేది, టాక్సీ మాట్లాడుకుని దీవి చుట్టూ తిరగడం. దక్షిణం వైపు చుట్టేసే రోడ్డు ఓ 65 కిలోమీటర్లు. తూర్పు ఒడ్డు దాదాపు మొత్తం బస హోటళ్లు లేని ఖాళీ తీరం, గాలి, పెద్ద పెద్ద అలలు, అక్కడక్కడా తాటాకు కప్పు వేసిన చిన్న తిండి కొట్లు. చూడటానికి చాలా బాగుంటుంది, దిగడానికి మాత్రం కాదు. అక్కడ లోపలికి లాగేసే ప్రవాహం ఉంటుంది, మోకాలి లోతులో నిలబడ్డ మనిషిని కూడా పడేస్తుంది. చెన్ రియో దగ్గర రాళ్లు అడ్డుగా ఉండి నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, పిల్లలు కాళ్లు తడుపుకోవాలంటే అక్కడ, అదీ ఎర్ర జెండా లేనప్పుడు మాత్రమే. శాన్ హెర్వాసియో, తూర్పు ఒడ్డు, ఊళ్లో భోజనం, ఈ మూడూ కలిపి నాలుగైదు గంటల్లో ఎవరూ అలసిపోకుండా అవుతాయి.

జీపు అద్దెకి తీసుకుని మీరే నడపొచ్చు కూడా. అయితే అమెరికా కారు ఇన్సూరెన్స్ మెక్సికోలో చెల్లదు, అక్కడి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరిగా తీసుకోవాలి, అది కలిపితే ఎంతవుతుందో అడిగాకే ఒప్పుకోండి. స్కూటర్ చవగ్గా వస్తుంది, వద్దు. ఊళ్లో హైదరాబాద్ ట్రాఫిక్‌లో బండి నడిపిన ధైర్యం ఎంతున్నా, తెలియని రోడ్డు మీద, ఈత బట్టల్లో, వెనక ఇంకో మనిషిని కూర్చోబెట్టుకుని పడితే ఆస్పత్రి ఖర్చు మీ చేతి నుంచే పెట్టుకోవాల్సి రావచ్చు.

ఏమీ తిరగకుండా ఇసుకలో కూర్చోవాలంటే పడమటి ఒడ్డున బీచ్ క్లబ్బులున్నాయి. రోజు పాస్ కొంటే కుర్చీ, గొడుగు, ఈత కొలను, కొన్నిచోట్ల భోజనం, డ్రింకులు అన్నీ కలిపి ఇస్తారు. చిన్న పిల్లలుంటే ఇది మంచి ఎంపిక. మందు తాగనివాళ్లు "అన్నీ కలిపి" పాస్ కొనక్కర్లేదు, మామూలు ప్రవేశం టికెట్ ఉందేమో చూడండి. చాంకనాబ్ పార్కు, దక్షిణం కొసన లైట్‌హౌస్, మొసళ్ల మడుగు ఉన్న పుంతా సుర్ కూడా బాగుంటాయి, కానీ వారంలో ఏ రోజు మూసి ఉంటాయో చూసుకుని వెళ్లండి. డాల్ఫిన్లతో ఈత అనే టూర్ మాత్రం నేను ఎవరికీ చెప్పను, డాల్ఫిన్లని బంధించి ఆడించడాన్ని ఆపడానికి మెక్సికో 2025లో చట్టమే చేసింది. టకీలా రుచి చూపించే టూర్లు, నగల షాపుల టూర్లు డబ్బు దండగ.

5. ఎవరి దగ్గర బుక్ చేయాలి

ఇక్కడ సూత్రం తేలికే. సముద్రం దాటి అవతలి ఒడ్డుకి వెళ్తే షిప్ వాళ్ల టూర్, దీవిలోనే ఉంటే మీ ఇష్టం. ఎందుకంటే షిప్ వాళ్లు అమ్మిన టూర్ ఆలస్యమైతే షిప్ ఆగుతుంది, ఆగలేకపోతే మిమ్మల్ని తర్వాతి చోటికి చేర్చే బాధ్యత వాళ్లది. మీరు సొంతంగా వెళ్లి ఆలస్యమైతే షిప్ వెళ్లిపోతుంది, విమానం టికెట్టూ హోటలూ మీ ఖర్చే. అవతలి ఒడ్డు నుంచి ఫెర్రీ ఒక్కటి రద్దయితే చాలు ఇదంతా జరగడానికి. దీవిలో మీరు ఎక్కడున్నా టాక్సీలో అరగంట, ముప్పావు గంటలో పీర్ దగ్గర ఉంటారు.

బయట బుక్ చేస్తే ధర బాగా తగ్గుతుంది, గుంపు కూడా చిన్నది: షిప్ టూర్‌లో పడవలో యాభై మంది ఉంటే ఇక్కడ పదీ పదిహేను మందే ఉండొచ్చు. కానీ మూడు ప్రశ్నలకి మెయిల్‌లో జవాబు తెప్పించుకోండి: షిప్ కోజుమెల్‌లో ఆగకుండా వెళ్లిపోతే డబ్బు మొత్తం వెనక్కి ఇస్తారా, ఏ పీర్ దగ్గర కలుస్తారు, చెప్పిన ధరలో పార్కు రుసుము కలిసి ఉందా. షిప్ టూర్ అయితే ఆగని పోర్టుకి డబ్బు వాళ్లే వెనక్కి వేస్తారు. మీ అంతట మీరు క్యాన్సిల్ చేయాలంటే మాత్రం ఒకటి రెండు రోజుల ముందు వరకే అవకాశం ఉంటుంది, ఆ గడువు టూర్ పేజీలో చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పీర్ పేరు ఎందుకంటే ఇక్కడ మూడున్నాయి. పుంతా లాంగోస్తాలో షిప్ ఆగితే మీరు శాన్ మిగెల్ ఊరి నడిబొడ్డున దిగినట్టే, నడిచి తిరగొచ్చు. ఇంటర్నేషనల్ పీర్, ప్వెర్తా మాయా ఊరికి దక్షిణంగా నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి, టాక్సీ కావాలి. ఉబర్ మీద ఆశ పెట్టుకోకండి. టాక్సీలకి మీటర్ ఉండదు, చోటుని బట్టి ధర, పీర్ దగ్గర ధరల బోర్డు ఉంటుంది, దాన్ని ఫొటో తీసుకోండి. ఎక్కే ముందే "మొత్తం బండికి ఇంత, మనిషికి కాదు, రానూ పోనూ, ఇన్ని గంటలు" అని ఖాయం చేసుకోండి. డాలర్లు తీసుకుంటారు, చిన్న నోట్లు పెట్టుకోండి. కార్డు గీస్తే పెసోల్లో వేయమనండి, డాలర్లలోకి వాళ్లు మార్చే రేటు మనకి నష్టం. టాక్సీల్లో పిల్లల సీట్లు ఉండవు, చంటిపిల్లలుంటే మీదే తీసుకెళ్లాలి.

6. గాలి, నాచు

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అప్పుడప్పుడు "నోర్తె" అనే ఉత్తరపు గాలి వీస్తుంది. అది గట్టిగా ఉన్న రోజు పోర్టు అధికారి చిన్న పడవల్ని ఆపేస్తారు, స్నార్కెలింగ్ టూర్లన్నీ పోతాయి, ఒక్కోసారి షిప్పే ఆగకుండా వెళ్తుంది. కాబట్టి చలికాలంలో పడవ టూర్ బుక్ చేసినా మనసులో నేల మీది ఎంపిక ఒకటి పెట్టుకోండి. జూన్ నుంచి నవంబర్ చివరి దాకా తుపాన్ల కాలం, 2005 అక్టోబర్‌లో విల్మా తుపాను ఇక్కడి క్రూజ్ పీర్లని ధ్వంసం చేసింది. వసంతం, వేసవుల్లో తూర్పు ఒడ్డుకి సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు కుప్పలుగా కొట్టుకొస్తుంది, వాసన భరించలేం. అలాంటప్పుడు బీచ్ అంటే పడమటి ఒడ్డే.

7. తిండి, సంచి, కాగితాలు

శాకాహారులకి ఇక్కడ కొంచెం జాగ్రత్త కావాలి. బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో చికెన్ నీళ్లు వేసి వండటం మామూలే. "వెజిటేరియన్" అంటే చాలామంది మాంసం ముక్కలు లేకుండా ఇస్తారంతే. "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ మాంతెకా" అని అడగండి: మాంసం, చికెన్, చేప, కొవ్వు లేకుండా అని. చీజ్ కెసదియా (చీజ్ పెట్టి మడిచి కాల్చిన రొట్టె), గ్వాకమోలె (అవకాడో పచ్చడి), పళ్ల ముక్కలు ఎక్కడైనా దొరుకుతాయి. ఊళ్లో బళ్ల మీద మార్కెసీతా దొరికితే తినండి, కరకరలాడే చుట్టలో చీజ్ తురుము వేసి ఇస్తారు, పిండిలో గుడ్డు ఉంటుంది మరి. హబనేరో మిరపకాయ పచ్చడి పెడితే మన నాలిక కూడా ఒకసారి ఆలోచించాలి. షిప్ నుంచి పళ్లు, వండిన తిండి బయటికి తేనివ్వరు, సీల్ ఉన్న బిస్కెట్ ప్యాకెట్లు ఫర్వాలేదు. షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే ఆ ప్యాకెట్లు, మధ్యాహ్నం మాత్రలు మీ సంచిలోనే ఉండాలి. కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్ర పడవ ఎక్కడానికి గంట ముందు వేసుకుంటేనే పనిచేస్తుంది, బీపీ మందులు వాడేవాళ్లు ఇంటి దగ్గరే డాక్టర్ని అడిగి తెచ్చుకోండి. కుళాయి నీళ్లు తాగొద్దు.

చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్లకి మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. స్టాంపింగ్ గడువు అయిపోయిన హెచ్‌1బి, హెచ్‌4 వాళ్లు మాత్రం క్రూజ్ బుక్ చేయకముందే లాయర్‌తోనూ క్రూజ్ కంపెనీతోనూ మాట్లాడుకోండి, టూర్ల మాట ఆ తర్వాత. దీవి మీద దిగేటప్పుడు షిప్ కార్డు, ఫొటో ఉన్న ఐడీ ప్రతి పెద్ద మనిషి దగ్గరా విడివిడిగా ఉండాలి, అందరివీ నాన్నగారి జేబులో కాదు. పాస్‌పోర్ట్ ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి.

8. వెనక్కి రావడం

మధ్యాహ్నం మూడు దాటాక అన్ని షిప్పుల వాళ్లూ ఒక్కసారే పీర్ల వైపు వస్తారు, ఐదారు షిప్పులున్న రోజు ఆ రోడ్డు మీద టాక్సీ దొరకడమూ ఆలస్యం, కదలడమూ ఆలస్యం. బీచ్ నుంచో శాన్ హెర్వాసియో నుంచో బయలుదేరే టైమ్ ఉదయమే నిర్ణయించుకుని డ్రైవర్‌కి చెప్పండి. షాపింగ్ ఏదైనా ఉంటే పీర్ పక్కనే పెట్టుకోండి, అక్కడ ధర కాస్త ఎక్కువైనా షిప్ కళ్ల ముందుంటుంది.

ఉదయం దిగే ముందు షిప్ వాళ్లిచ్చే రోజువారీ కాగితంలో గానీ యాప్‌లో గానీ పోర్ట్ ఏజెంట్ (ఆ రేవులో షిప్ తరఫున పనులు చూసే మనిషి) ఫోన్ నంబర్ ఉంటుంది. దాన్ని ఫొటో తీసి గుంపులో అందరికీ పంపండి, దీవిలో ఫోన్ పనిచేయని పెద్దవాళ్లకి చీటీ మీద రాసి ఇవ్వండి. ఆలస్యమవుతోందని అనుమానం వచ్చిన క్షణమే ఆ నంబర్‌కి ఫోన్ చేసి పేరు, షిప్ పేరు, ఎక్కడున్నారో చెప్పండి. షిప్ వెళ్లిపోయాక చేసే ఫోన్ కంటే అరగంట ముందు చేసిన ఫోన్ చాలా ఉపయోగం. షిప్ వెళ్లిపోయే పరిస్థితే వస్తే, మీరు పాస్‌పోర్టులు గదిలోని లాకర్‌లో పెట్టి ఉంటే, సిబ్బంది వాటిని తీసి ఆ ఏజెంట్ చేతికే ఇచ్చి వెళ్లడం మామూలు, కాబట్టి ముందు వెళ్లాల్సింది ఎయిర్‌పోర్ట్‌కి కాదు, ఆ ఏజెంట్ దగ్గరికి.